ఖుజంద్

ఖుజంద్ తజికిస్తాన్ ఉత్తర భాగమున, ఫెర్గానా లోయ ముఖద్వారమువద్ద సిర్ దర్యా నదీతీరమున ఉన్న ప్రాచీన నగరము. ఇది సుగ్ద్ రాష్ట్ర రాజధాని. జనాభాలో దుషాంబే తరువాత దేశంలో రెండవ స్థానము దీనిదే.

పేరు

క్రీ.పూ. 329లో అలెగ్జాండర్ తన రాజ్యపు ఈశాన్య సరిహద్దుగా ఈ నదీతీరమున అలెగ్జాండ్రియా ఎస్ఖాటే (చిట్టచివరి అలెగ్జాండ్రియా) అను పట్టణమును నిర్మించాడు. అది ఇచ్చటనే ఉండెడిదని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. మధ్యయుగములో ఖుజంద్ అను పేరే ప్రసిద్ధము. 1936లో సోవియట్ ప్రభుత్వము దీనిని లెనినాబాద్ గా మార్చినది. ఇందులోని "ఆబాద్" హైదరాబాదు, సికింద్రాబాదు పేర్లలో కనిపించే పర్షియన్ పదమే. 1991లో పాతపేరు తిరిగి వచ్చినది. నగరమధ్యమునుండి లెనిన్ విగ్రహమును మాత్రము 2011లో గాని తొలగించలేదు.

చరిత్ర

8వ శతాబ్దములో అరబ్బులు దీనిని జయించారు. 1220 ప్రాంతమున మంగోలు సైన్యము ముట్టడించినపుడు ఖుజంద్ పాలకుడు తైమూర్ మాలిక్ నది మధ్యనున్న ద్వీపదుర్గమునుండి పోరాడి, ఇక నిలువలేక తన అనుచరులతో పడవలలో నదివెంట దిగువకు తప్పించుకొన్నాడు. మొగలు సామ్రాజ్య స్థాపకుడు బాబరు తన ఆత్మకథలో ఇచ్చటి దానిమ్మపండ్లను మెచ్చుకొన్నాడు. 1866లో నగరము రష్యా వశమైనది.