స్లేటు: చీలిన రాయి, చెరిగిన లెక్క

స్లేటు అనే ఇంగ్లీషు మాటకు మూలం పాత ఫ్రెంచిలోని ‘ఎస్క్లాట్’. చీలిన ముక్క, పెచ్చు అని అర్థం. ఆ పేరు ఎంత సరైనదో మార్కాపురం క్వారీల్లో కనిపిస్తుంది. కడప శిలాశ్రేణికి చెందిన ఇక్కడి రాయి ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న మెత్తని బురద. ఒత్తిడికీ వేడికీ గట్టిపడింది. అంచున ఉలి పెట్టి కొడితే పలచని పొరలుగా విడిపోతుంది. నునుపు చేసి కొయ్య చట్రం బిగిస్తే బడిపలక. ఎన్నో తరాల తెలుగు పిల్లలు అక్షరాలు దిద్దుకున్నది ఇలాంటి రాతి మీదే; మార్కాపురానికి అంతకంటే గొప్ప పేరు అక్కర్లేదు.

ఇంగ్లీషులో ఇంటికప్పు రాతిపెంకు కూడా స్లేటే. అరువు లెక్కలు రాతిపలక మీద రాసినందువల్ల బాకీ అనే అర్థం, చెరిపినందువల్ల ‘క్లీన్ స్లేట్’ పుట్టాయి. అమెరికాలో ఎన్నికల అభ్యర్థుల జాబితానూ స్లేటనే అంటారు.

నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు రావడంతో బడిపలకకు గిరాకీ తగ్గింది. ఇప్పుడు మార్కాపురం రాయి ఎక్కువగా నేలకూ గోడలకూ పరిచే బండలుగా విదేశాలకు వెళ్తోంది.