కోతిరాజుకు గొంతిచ్చిన వాళ్లు

1979 నవంబరు 16, శుక్రవారం సాయంత్రం. బ్రిటన్‌లో టీవీకి అప్పటికి మూడే ఛానళ్లు. బడి నుంచి వచ్చిన పిల్లలు యూనిఫాం కూడా విప్పకుండా బీబీసీ-2 ముందు చతికిలబడ్డారు. కొండ మీద రాతిగుడ్డు పగిలింది. పొగలోంచి కోతి లేచింది. చెంపలకు బొచ్చు అంటించుకున్న మనిషేనని పసివాడికైనా తెలిసిపోతోంది. అయినా ఎవరూ కదల్లేదు.

ఆ తర్వాతి వారాల్లో బడి ఆవరణల్లో కర్ర కనపడితే చాలు, గిరగిరా తిరిగేది. తెర మీది కోతిలా నోటి ముందు వేళ్లు ఆడించి గాల్లోకి ఊదితే గులాబీ మేఘం రావాలి. చెవిలోంచి తీసిన సూది మనిషెత్తు దండం కావాలి. ఎవరికీ రాలేదు, ఎవరికీ కాలేదు. అయినా మర్నాడు మళ్లీ అదే ఆట.

ఆ సీరియల్ పేరు ‘మంకీ’. నిప్పన్ టెలివిజన్ 1978లో జపాన్‌లో మొదలుపెట్టింది. 16వ శతాబ్దపు చైనా నవల దానికి మూలం. బౌద్ధ గ్రంథాల కోసం భారతదేశానికి బయల్దేరిన సన్యాసి త్రిపిటక, అతనికి తోడుగా కోతి, వరాహం, నీటి భూతం. కోతిగా వేసిన మసాఆకి సకాయ్ అంతకుముందు రాక్ బృందంలో గాయకుడు. ఇప్పుడు చూస్తే రాక్షసుల కోరలు ఎవరో అతికించినవేనని ఇట్టే తెలుస్తుంది, మాయల్లో చాలా కెమెరా ఆపి తీసినవే. విఠలాచార్య జానపదాలు, కత్తి కాంతారావు యుద్ధాలు చూసి పెరిగిన మనకు అవి తప్పులుగా తోచవు. చూసేవాడు సగం నమ్మితే మిగతా సగం తెర నమ్మిస్తుందన్న ఒప్పందం మీద నడిచే సినిమాలవి. ఈ సీరియల్‌దీ అదే ఒప్పందం.

అసలు కథ డబ్బింగ్ గదిలో జరిగింది.

ఇంగ్లిష్ మాటలు రాసింది డేవిడ్ వియర్. అంతకుముందు బీబీసీలోనే 1976లో వచ్చిన ‘ది వాటర్ మార్జిన్’ సీరియల్‌కూ ఆయనే రాశాడు. జపనీస్ రాదు, చైనీస్ రాదు. కథా సంగ్రహం కాగితాలు ముందు పెట్టుకుని, నటుల ముఖాలు చూస్తూ సంభాషణ అల్లాడు. ఆ గదిని ఊహించుకోండి. తెర మీద ఒకే ముక్క పదేపదే తిరుగుతుంది. జపాన్ నటుడి పెదవి విచ్చుకోగానే బ్రిటిష్ నటుడు అందుకోవాలి, మూతపడగానే ఆపాలి. జపనీస్‌లోనూ మన తెలుగులాగే క్రియ వాక్యం చివర్లో వస్తుంది. ఇంగ్లిష్‌లో అసలు మాట ముందే అయిపోతుంది, పెదవులు మాత్రం ఇంకా కదులుతుంటాయి. ఆ మిగిలిన కదలికలో ఒక విసురో, వేదాంతమో, తిట్టో పడాలి. పిల్లల నోళ్లలో నానినవాటిలో అలా పడ్డ మాటలూ ఉండి ఉంటాయి. తెలుగు డబ్బింగ్ రచయితలు ఏళ్ల తరబడి పేరు దక్కకుండానే చేస్తున్న పని కూడా ఇదే.

గొంతులిచ్చిన వాళ్లు చిల్లర నటులేం కారు. కోతికి డేవిడ్ కాలింగ్స్. వరాహానికి పీటర్ వుడ్‌థోర్ప్, 1955లో బ్రిటన్‌లో తొలిసారి ‘వెయిటింగ్ ఫర్ గోడో’ నాటకం ఆడినప్పుడు ఎస్ట్రగాన్ పాత్ర వేసినవాడు. ఆడ గొంతుల్లో మిరియం మార్గోలిస్, హ్యారీ పాటర్ సినిమాల్లో మొక్కల పాఠం చెప్పే టీచరు. కథ చెప్పే గొంతు మాత్రం బర్ట్ క్వాక్‌ది, వారింగ్టన్‌లో పుట్టి షాంఘైలో పెరిగిన చైనా సంతతి నటుడు. ఆయన తప్ప ముఖ్యపాత్రల గొంతులన్నీ తెల్లవాళ్లవే, ఆసియా యాస పెట్టి పలికినవి. ఈ సీరియల్‌ను ఎంత ప్రేమించినా ఆ యాస ఈరోజు చెవిని గుచ్చుతుంది. బడిలో ఆసియా పిల్లల ముందు అదే యాసను ఎగతాళికి వాడిన రోజులు బ్రిటన్‌లో ఉన్నాయి. ఆ సంగతి దాచి ఈ కథ చెప్పడం న్యాయం కాదు.

త్రిపిటకగా వేసింది మసాకో నత్సుమే అనే యువతి. గుండు, కాషాయం, మెల్లని నడక. ఆ సన్యాసి ఆడో మగో తేల్చుకోలేక బ్రిటిష్ పిల్లలు తలలు పట్టుకున్నారు. ఆమె మంత్రం జపిస్తే కోతి నుదుటి పట్టీ బిగుసుకుంటుంది, లోకాన్ని గడగడలాడించినవాడు నేల మీద దొర్లుతాడు. ఆ పాత్రకు మూలమైన నిజమైన భిక్షువు హ్యుయాన్ త్సాంగ్ మన నేలకు వచ్చాడు. ఏడో శతాబ్దంలో ధాన్యకటక దేశంలో, కృష్ణా తీరాన, నెలల తరబడి ఉండి అభిధర్మం చదువుకున్నాడు. 645లో 657 గ్రంథాలతో చాంగాన్ చేరాడు. ఆ తీరపు అమరావతి శిల్పాలు ఎన్నో ఇవాళ లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. కోతి సీరియల్ చూసిన దేశంలోనే ఆ కోతి గురువు తిరిగిన చోటి రాళ్లు ఉన్నాయని ఎంతమంది బ్రిటిష్ పిల్లలకు చెప్పి ఉంటారు? మనమైనా మన పిల్లలకు చెప్పామా?

మొత్తం 52 భాగాల్లో బీబీసీ 39కే డబ్బింగ్ చెప్పించింది. పదమూడు మిగిలిపోయాయి. నత్సుమే 1985లో రక్త క్యాన్సర్‌తో చనిపోయింది, ఇరవై ఏడేళ్లకే. క్యాసెట్లు, డిస్కులు బాగా అమ్ముడుపోయాక 2004లో ఫ్యాబ్యులస్ ఫిల్మ్స్ ఆ పదమూడింటినీ పూర్తిచేయడానికి పూనుకుని పాత నటులనే మళ్లీ పిలిపించింది. మళ్లీ తెర, మళ్లీ పెదవుల వెంట పరుగు. ఈసారి గొంతుల మీద పాతికేళ్లు అదనంగా ఉన్నాయి. తెర మీది త్రిపిటకకు మాత్రం ఇంకా ఇరవై ఏళ్ల ప్రాయమే. వెటకారం చేసి డబ్బు చేసుకోవడానికి వీలున్న సీరియల్ అది. వాళ్లు ఆ పని చేయలేదు, అప్పట్లో వదిలిన చోట అందుకుని అదే శ్రద్ధతో మాట్లాడారు. సీరియల్‌ను కొత్తగా చూడాలనుకునే వాళ్లకు నేనిచ్చే సలహా ఒకటే: మొదటి భాగం చూశాక నేరుగా ఆ పదమూడింటికి వెళ్లండి, మధ్యలోవి తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.