గుండెపై మోపిన నేరము

ఇంగ్లండులోని బాత్ నగరమున 1786లో కేలబ్ పారీ అను వైద్యుడు 37 ఏండ్ల స్త్రీని పరీక్షించెను. ప్రసవానంతరము జబ్బుపడినది మొదలు ఆమెను గుండెదడ విడువలేదు. గుండె కొట్టుకొనినప్పుడెల్ల మేనంతయు అదరుచుండెను. మెడ ముందుభాగము వాచినది; కనుగ్రుడ్లు ముందుకు పొడుచుకొని వచ్చినవి. పారీ ఈ గురుతులన్నిటిని శ్రద్ధగా వ్రాసికొనెను గాని, నేరమును గుండెపై మోపెను. మెదడునకు పోవు అధికరక్తమును మెడలోని థైరాయిడు గ్రంథి కొంత తనలోనికి తీసికొనుటచే వాచినదని ఆయన ఊహ.

పారీ 1822లో మరణించగా, ఆయన వ్రాతలు 1825లో గాని అచ్చుపడలేదు. 1835లో డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ ఇట్టి రోగులనే వర్ణించెను. ఒకామె ఎదకు నాలుగడుగుల దూరమున చెవి నుంచినను గుండెచప్పుడు స్పష్టముగా వినబడినదట! అయినను ఆయన ఆలోచన హిస్టీరియా వైపు మరలెను. కారణము తెలియని స్త్రీల బాధలకెల్ల ఆనాటి వైద్యులకు ఆ పేరొకటి సిద్ధముగా నుండెడిది. 1840లో జర్మనీలోని మెర్జెబుర్గ్ వైద్యుడు బాసెడో గుండెదడను, మెడవాపును, ఉబ్బిన కన్నులను ఒకే వ్యాధి లక్షణములుగా ముడివేసెను. వ్రేళ్ల సన్నని వణకును 1883లో పియెర్ మారీ చేర్చెను.

గ్రంథి అతిగా పనిచేయుటయే మూలమని 1886లో మోబియుస్ సూచించెను. 1891 నుండి, థైరాయిడు మందగించిన రోగులకు గొర్రె గ్రంథిరసము నిచ్చుట మొదలైనది. మోతాదు మించినప్పుడు వారికిని దడ పుట్టినది, దేహము చిక్కినది. ముద్దాయి దొరికినట్లే గదా! ఆ గ్రంథిని రెచ్చగొట్టు పదార్థమును రోగుల రక్తములో 1956లో న్యూజీలండున ఆడమ్స్, పర్వెస్ అనువారు కనుగొనిరి. అది దేహము తన గ్రంథిపైననే ప్రయోగించు ప్రతిరక్షకమని తరువాత తేలినది.

నేడొక రక్తపరీక్షతో వ్యాధి బయటపడును. కాని పరీక్షకు పంపవలెనన్న ముందుగా అనుమానము కలుగవలెను. బాగుగా తినుచున్నను బరువు తగ్గుట, ఉక్కకు ఓర్వలేకపోవుట, చెమట, చిరాకు, నిద్రలేమి — వీనిని ఇంటివారే ముందు గమనింతురు. చేతులు చాపించి వ్రేళ్లపై పలుచని కాగితము పరచినచో వణకు కంటికి తెలియును. కన్నులు అందరికిని ఉబ్బవు. వృద్ధులలోనైతే మెడవాపును లేక, చిరాకును లేక, నీరసముతోపాటు గుండె లయ తప్పుట మాత్రమే కనబడవచ్చును. అట్టిచోట పారీ పడిన పొరపాటే ఇప్పటికిని జరుగుచుండును.