పట్టేసిన బ్రేకు: సేత్తూరు దారిలో పాత కార్ల మరమ్మతు చరిత్ర

డిస్కు బ్రేకు ఉన్న కారులో చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేన్ని రెండు వైపుల నుంచి ప్యాడ్లతో నొక్కి పట్టే భాగం క్యాలిపర్. ప్యాడును ముందుకు తోసేది దాని లోపలి పిస్టను. తుప్పు వల్లనో మురికి వల్లనో పిస్టను గూటిలోనే బిగుసుకుపోవడాన్ని షెడ్లలో బ్రేకు పట్టేయడం అంటారు. బిగిసిన పిస్టను ముందుకు రాకపోతే ఆ చక్రానికి బ్రేకు పడదు, కారు రెండో పక్కకు లాగుతుంది. ముందుకు వచ్చి వెనక్కి పోకపోతే ప్యాడు డిస్కును రాసుకుంటూనే ఉంటుంది. చక్రం వేడెక్కుతుంది, కాలిన వాసన వస్తుంది, ఒక పక్క ప్యాడు రెండో దానికన్నా ముందే అరిగిపోతుంది. ఆ వేడికి బ్రేకు ఆయిలు మరిగి ఆవిరి పుడితే పెడల్ కిందికి దిగిపోతుంది, కారు ఆగదు.

ఈ లోపాన్ని సరిచేసే విద్య దక్షిణ తమిళనాడుకు ఒక్కరోజులో రాలేదు. బస్సులు, నూలు మిల్లులు, లేతు షాపులు, మద్రాసు బ్రేకుల కర్మాగారం ఒకదాని తర్వాత ఒకటి వచ్చి దానికి దారి వేశాయి. ఆ దారిలో తెలుగు మాట్లాడే కుటుంబాల పాత్ర పెద్దది.

సేత్తూరు రాజపాళయానికి నైరుతి దిక్కున, పడమటి కనుమల పాదాల దగ్గర ఉన్న ఊరు. ఒకప్పుడు జమీందారీ. తిరుమంగళం నుంచి కొల్లం వెళ్లే 744వ నంబరు జాతీయ రహదారి శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళయం దాటాక సేత్తూరు మీదుగా తెన్కాశి వైపు సాగుతుంది. సెంగోట్టై వరకు దారి దాదాపు చదునే. ఆ తర్వాత ఆరియంకావు కనుమ ఎక్కి పునలూరు వైపు దిగుతుంది. రాజపాళయంలో స్థిరపడిన రాజులు విజయనగర, మదురై నాయకుల కాలాల్లో తెలుగు నేల విడిచి దక్షిణానికి వచ్చినవారు. వారి ఇళ్లలో ఈనాటికీ తెలుగే మాట్లాడతారు. బ్రేకుల మాటకొస్తే ఈ ప్రాంతానికి రెండు గుణాలున్నాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల వాన, అది తెచ్చే తేమ ఇనుముకు తుప్పు పట్టిస్తాయి. కనుమ దిగేటప్పుడు తొక్కి పట్టిన బ్రేకులు విపరీతంగా వేడెక్కుతాయి. పట్టేయడానికి తుప్పు, పట్టేశాక ప్రమాదానికి వేడి, రెండూ ఒకే దారిలో ఎదురవుతాయి.

మోటారు బస్సు ఈ దిక్కుకు 20వ శతాబ్దం రెండో దశకంలో వచ్చింది. టి.వి. సుందరం అయ్యంగారు 1912లో మదురైలో బస్సు నడపడం మొదలుపెట్టారు. కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో 1893లో తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని ఊళ్ల మధ్య సర్వీసు ప్రారంభించి, ఆ బస్సును తానే నడిపారు. అదే తర్వాత యు.ఎం.ఎస్. అనే పెద్ద రవాణా సంస్థగా ఎదిగింది. పొద్దున బయలుదేరిన బస్సు సాయంత్రం తిరిగి రావాలంటే మరమ్మతు సొంత షెడ్డులోనే జరగాలి. విడిభాగం ఓడలో వచ్చేదాకా బస్సును నిలబెట్టడం యజమానికి సాధ్యం కాదు. బస్సుల వ్యాపారం తన వెంట మెకానిక్కులను కూడా తయారుచేసింది.

ఆనాటి బ్రేకులు ఎక్కువగా కడ్డీలతో, తీగలతో పనిచేసేవి. ద్రవంతో పనిచేసే బ్రేకును అమెరికాలో మాల్కం లాక్‌హీడ్ రూపొందించగా, 1921లో డ్యూసెన్‌బర్గ్ సంస్థ దాన్ని తన కారు నాలుగు చక్రాలకూ అమర్చింది. 1924లో క్రైస్లర్ దాన్ని మామూలు కొనుగోలుదారుల దాకా తెచ్చింది. తొలినాటి బ్రేకు ఆయిలు ఆముదమూ ఆల్కహాలూ కలిపిన ద్రవం. ఆనాటి బ్రేకు సిలిండర్లలోని వాషర్లు సహజ రబ్బరుతో చేసినవి. పెట్రోలు, ఇంజను ఆయిలు తగిలితే ఆ రబ్బరు ఉబ్బి చెడిపోతుంది, ఆముదం తగిలితే చెడదు. బ్రేకు భాగాలను పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో కడగకూడదన్న నియమం అప్పటి నుంచే ఉంది. నేటి రబ్బరు వేరైనా ఆ నియమం మారలేదు.

స్వాతంత్ర్యం తర్వాత దిగుమతుల మీద ఆంక్షలు పెరిగాయి. విదేశీ కారు ఉన్నవారికి దాని విడిభాగాలు దొరకడం గగనమైంది. అప్పట్లో దేశంలో తయారైన అంబాసిడర్‌కూ ఫియట్‌కూ నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. డ్రమ్ములో చిన్న సిలిండరు ఉంటుంది, దానిలోని పిస్టను కూడా తుప్పుకు బిగుసుకుపోతుంది. దాన్ని విప్పి, గూడు నునుపుచేసి, కొత్త రబ్బరు కిట్టు వేసి, గాలి తీసి బిగించడం దాదాపు ప్రతి షెడ్డుకూ అలవాటైన పని. క్యాలిపర్ వచ్చేసరికి ఇక్కడి మెకానిక్కుల చేతికి ఆ సగం విద్య అప్పటికే ఉంది.

మిగతా సగం లేతు పని. పి.ఎ.సి. రామస్వామి రాజా 1936లో రాజపాళయం మిల్స్ స్థాపించారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో పట్టణం నూలు పరిశ్రమకు కేంద్రమైంది. నూలు మిల్లులో కదుళ్లు, రోలర్లు, బేరింగులు ఎప్పుడూ అరుగుతూనే ఉంటాయి, వాటిని చూసుకోవడానికి మిల్లుకు ఫిట్టర్లు, లేతు మీద పనిచేసేవారు కావాలి. మిల్లులున్న ఊరికి ఇనుమును మిల్లీమీటరులో వందో వంతు దాకా కొలిచి చెక్కే నైపుణ్యం కూడా చేరుతుంది. పిస్టనుకూ గూటికీ మధ్య ఖాళీ ఉండేది ఆ కొలతలోనే కాబట్టి పాత బ్రేకులకు మరమ్మతు చేయగలిగేది అలాంటి చేతులే. కోయంబత్తూరులో ఇదే బంధం ఇంకా పెద్ద ఎత్తున కనిపిస్తుంది. అక్కడి తెలుగు నాయుళ్లు నూలు మిల్లులతో పాటు మోటార్లు, పంపులు, యంత్రాల తయారీని కూడా పెంచారు.

డిస్కు బ్రేకు ఆలోచన పాతదే. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే దానికి పేటెంటు తీసుకున్నారు. అది నమ్మదగినదని లోకానికి తెలిసింది 1953లో. ఆ ఏడాది ఫ్రాన్సులోని ల మాన్ 24 గంటల పందెంలో డన్‌లప్ డిస్కు బ్రేకులున్న జాగ్వార్ సి-టైప్ గెలిచింది. తరవాత 1955లో సిట్రొయెన్ డి.ఎస్., 1956లో ట్రయంఫ్ టి.ఆర్.3 ముందు చక్రాలకు డిస్కులతో వచ్చాయి. 1959 నాటి జాగ్వార్ మార్క్ 2, 1961 నాటి ఇ-టైప్ నాలుగు చక్రాలకూ డిస్కులతో వెలువడ్డాయి. ఇ-టైప్ వెనక డిస్కులు చక్రాల దగ్గర కాక నడుమ డిఫరెన్షియల్‌కు ఆనుకొని ఉంటాయి. అక్కడ పట్టేసిన క్యాలిపర్‌ను అందుకోవడానికే చాలా భాగాలు విప్పాలి.

మన దేశంలో బ్రేకుల తయారీకి 1962 మలుపు. ఆ ఏడాది సుందరం అయ్యంగారు స్థాపించిన టి.వి.ఎస్. సంస్థ, గర్లింగ్ బ్రేకులు చేసే బ్రిటిష్ లూకాస్ సంస్థ కలిసి మద్రాసులో బ్రేక్స్ ఇండియాను నెలకొల్పాయి. ఒకప్పుడు ఓడ కోసం ఎదురుచూడాల్సి వచ్చిన రబ్బరు కిట్లు, సిలిండర్లు క్రమంగా దగ్గరి పట్టణాల స్పేరు పార్టుల దుకాణాల్లోకి చేరాయి. 1980లలో మారుతి వచ్చాక ముందు చక్రాలకు డిస్కు మామూలు విషయమైంది. కొత్త భాగం సులువుగా దొరకడంతో పాతదాన్ని బాగుచేసే అలవాటు తగ్గింది. మరమ్మతు విద్య అవసరం మిగిలింది కొత్త భాగం దొరకని పాత కార్లకే.

పట్టేసిన బ్రేకు విషయంలో మొదటి పని విప్పడం కాదు, కారణం తెలుసుకోవడం. చక్రాన్ని జాకీ మీద లేపి, కారుకు గట్టి స్టాండు పెట్టి, చేత్తో తిప్పి చూస్తారు. తిరగకపోతే క్యాలిపర్ మీది గాలి తీసే నిపిల్ కొద్దిగా వదులుచేస్తారు. ఆయిలు చిమ్మి చక్రం తిరిగితే లోపల ఒత్తిడి చిక్కుకుపోయిందని అర్థం. అప్పుడు లోపం పిస్టనులో లేదు, రబ్బరు హోసులోనో పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండరులోనో ఉంది. పాత హోసు బయటికి బాగానే కనిపించినా లోపలి పొర ఉబ్బి ఆయిలును పోనిచ్చి తిరిగి రానివ్వదు. పెడల్ కడ్డీకి కొద్దిపాటి వదులు లేకపోతే మాస్టర్ సిలిండరులో ఆయిలు వెనక్కి పోయే రంధ్రం మూసుకొని ఉండిపోతుంది. నిపిల్ తెరిచినా చక్రం తిరగకపోతే క్యాలిపరే పట్టేసినట్టు. ఈ పరీక్ష చేయకుండా క్యాలిపర్ మార్చినవారికి కొద్ది రోజుల్లో అదే బాధ మళ్లీ ఎదురవుతుంది.

క్యాలిపర్ పట్టేయడానికి మూలం చాలాసార్లు బ్రేకు ఆయిలే. ఆముదం స్థానంలో వచ్చిన గ్లైకాల్ ద్రవాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. వాటిలో డాట్ 3 అనే రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. పీల్చుకున్న నీరు మరిగే హద్దును తగ్గించడమే కాక గూటి గోడలకు, పిస్టను మీది క్రోమియం పూత పగుళ్లకు తుప్పు పట్టిస్తుంది. బయట దుమ్ము నుంచి కాపాడే రబ్బరు టోపీ చిరిగితే వాననీరు నేరుగా పిస్టనును చేరుతుంది. నెలల తరబడి షెడ్డులో కదలకుండా నిలిపిన కారులో పిస్టను ఒకే చోట ఉండటంతో తుప్పుకు కావలసినంత సమయం దొరుకుతుంది. రోజూ తిరిగే టాక్సీ కన్నా అపురూపంగా దాచిన కారు బ్రేకు ముందుగా పట్టేయడానికి కారణం ఇదే.

బిగిసిన పిస్టనును బయటికి తీయడానికి మంచి సాధనం బ్రేకు ఒత్తిడే. ఆయిలు గొట్టం విప్పకముందే, ప్యాడ్లు తీసి, పెడల్ మెల్లగా తొక్కితే చాలా పిస్టన్లు కదులుతాయి. క్యాలిపర్ విప్పాక గాలి కంప్రెసర్‌తో తీయాలంటే పిస్టను ఎదుట చెక్కముక్క పెట్టాలి, వేళ్లు అడ్డు పెట్టకూడదు. గాలి ఒత్తిడికి పిస్టను తూటాలా బయటికి వస్తుంది. పట్టకారుతో పిస్టను పక్కలను పట్టి లాగితే పూత గీరుకుపోతుంది, ఆ గీత కొత్త రబ్బరును కోసేస్తుంది. రెండు సగాలను బోల్టులతో కలిపిన గర్లింగ్, లాక్‌హీడ్ క్యాలిపర్ల సగాలను విడదీయవద్దని తయారీదారులే చెప్పారు. పాత ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది కాబట్టి ఆ దుమ్మును గాలితో ఊదకూడదు, తడిచేసి తుడవాలి.

విప్పిన తర్వాత వచ్చే ప్రశ్న ఏది ఉంచాలి, ఏది పారేయాలి అన్నది. రబ్బరు రింగు విషయంలో సందేహానికి తావు లేదు, ప్రతిసారీ కొత్తదే వేయాలి. నలుచదరపు అంచులున్న ఆ రింగు రెండు పనులు చేస్తుంది. ఆయిలు కారకుండా ఆపుతుంది, బ్రేకు వేసినప్పుడు పిస్టనుతో పాటు కొద్దిగా వంగి, వదలగానే తిరిగి నిటారై పిస్టనును వెనక్కి లాగుతుంది. డిస్కుకు ప్యాడుకు మధ్య సన్నని సందు అలా ఏర్పడుతుంది. ఎండి గట్టిపడిన రింగు ఆ రెండో పని చేయలేదు. రింగు కూర్చునే గాడిలో తుప్పు పేరుకుంటే కొత్త రింగు కూడా బిగుసుకుంటుంది కాబట్టి గాడిని లోతుదాకా శుభ్రం చేయాలి. కడగడానికి స్పిరిట్టు లేదా కొత్త బ్రేకు ఆయిలు, బిగించేటప్పుడు పూయడానికి బ్రేకు ఆయిలు లేదా రబ్బరుకు పడే గ్రీజు మాత్రమే వాడతారు.

పిస్టను మీద గుంటలు పడితే ఎమరీ కాగితంతో రుద్ది సరిపెట్టడం ప్రమాదం. క్రోమియం పూత పోయిన చోట ఇనుము ఇంకా తొందరగా తుప్పు పడుతుంది. కొత్త పిస్టను కొనాలి, దొరకకపోతే లేతు మీద స్టెయిన్‌లెస్ స్టీలుతో అదే కొలతకు చేయించాలి. గూడే గుంటలు పడితే దాన్ని పెద్దది చేసి స్టెయిన్‌లెస్ స్టీలు తొడుగు వేస్తారు. 1965 నుంచి నాలుగు చక్రాలకూ డిస్కులు పెట్టిన అమెరికా షెవర్లే కార్వెట్ క్యాలిపర్లు తుప్పుకు పేరుపడ్డాయి, వాటి వల్లనే ఈ తొడుగు పద్ధతి అక్కడ బాగా వ్యాపించింది. క్యాలిపర్ ఒళ్లు పగిలినా, మరలు చెడినా దాన్ని బాగుచేయకూడదు. అతుకు పెట్టిన ఒళ్లు బ్రేకు ఒత్తిడికి తట్టుకుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పక్క పిన్నుల మీద జరిగే జారుడు క్యాలిపర్లలో పిస్టను బాగున్నా ఆ పిన్నులు ఎండి బిగుసుకోవచ్చు, వాటిని తీసి శుభ్రం చేసి తగిన గ్రీజు పెడితే చాలు.

ఒక చక్రానికి పని చేస్తే అదే ఇరుసు మీది రెండో చక్రానికీ చేయడం, ప్యాడ్లు జంటగా మార్చడం, పాత హోసులు తీసేయడం, రాగి వాషర్లు కొత్తవి వేయడం పద్ధతి. చివరగా కొత్త ఆయిలు పోసి గాలి బుడగలు పోయేదాకా తీస్తారు. సిలికాన్‌తో చేసిన డాట్ 5 తేమ పీల్చదు, అందుకే నిలిపి ఉంచే కార్లకు కొందరు దాన్ని ఎంచుకుంటారు. దాన్ని గ్లైకాల్ ఆయిలుతో కలపకూడదు. గ్లైకాల్ వాడే కారులో రెండేళ్లకోసారి ఆయిలు మార్చితే, నెలకోసారైనా కారును కదిపి బ్రేకు తొక్కితే క్యాలిపర్ పట్టేసే అవకాశం బాగా తగ్గుతుంది.

జి.డి. నాయుడు కుటుంబం 2015లో కోయంబత్తూరులో పాత కార్ల కోసం జీడీ కార్ మ్యూజియం తెరిచింది. బస్సుతో మొదలైన కుటుంబం కార్ల చరిత్రను ప్రజలకు చూపే స్థాయికి చేరింది. కారును చూపుకు నిలపడం ఒక పని, రోడ్డు మీద నడిపేలా ఉంచడం వేరే పని. రెండోదానికి రబ్బరును ఎప్పటికప్పుడు మార్చే క్రమశిక్షణ, ఇనుమును కొలిచి బాగుచేసే నేర్పు, బాగుచేయరానిదాన్ని వదిలేసే ధైర్యం కావాలి. ఆ మూడింటినీ దక్షిణ తమిళనాడుకు నేర్పినవి బస్సుల షెడ్లు, మిల్లుల లేతులే. పాత కారుతో సేత్తూరు దాటి కనుమ ఎక్కదలచినవారు బయలుదేరే ముందే ఆ నేర్పున్న చేతికి బ్రేకులు చూపించాలి.