మనకెందుకు ఆ యుద్ధం? జూలియన్ బాండ్ కుర్చీ కథ



పోయిన నెల సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన గట్టిగానే అన్నారు: "మన సంఘం మన భాష, మన బడి, మన పండగలు చూసుకుంటే చాలు. దేశంలో జరిగేవన్నీ మనకెందుకు? రేపు అదే ఆఫీసుకు అర్జీ పట్టుకుని వెళ్లాల్సింది మనమే కదా!" చాలామంది తలలూపారు. నేనూ ఊపాను. తమిళనాడులో ఉండి, తెలుగు బడికి టీచరు కావాలని తిరిగినవాళ్లెవరూ ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేరు. ఇంటికొచ్చాక మాత్రం ఒకతను గుర్తొచ్చాడు. తనది కాని విషయం మాట్లాడాడని అమెరికాలో శాసనసభ కుర్చీ పోగొట్టుకున్నవాడు. పేరు జూలియన్ బాండ్. ఈసారి అతని సంగతి రాస్తాను. కాస్త పొడుగే, ఓపిక చేసుకోండి.

బాండ్ తాత బానిసగా పుట్టిన మనిషి. తర్వాత చదువుకుని పాస్టరు అయ్యాడు. ఆయన పేరు జేమ్స్ బాండ్ (సినిమా బాండ్‌కి చాలా ముందే!). తండ్రి పెన్సిల్వేనియాలోని లింకన్ యూనివర్సిటీకి మొదటి నల్లజాతి అధ్యక్షుడు. ఇంత చదువుకున్న ఇంటి పిల్లవాడు అట్లాంటాలోని మోర్‌హౌస్ కాలేజీ చదువు మధ్యలో వదిలేసి ఉద్యమంలోకి వచ్చాడు. 1960లో విద్యార్థులే పెట్టుకున్న సంఘం ఒకటి ఉండేది: స్టూడెంట్ నాన్‌వయొలెంట్ కోఆర్డినేటింగ్ కమిటీ. అందరూ 'స్నిక్' అనేవాళ్లు. దక్షిణాది పల్లెల్లో నల్లవాళ్ల పేర్లు ఓటరు జాబితాలో ఎక్కించడం వాళ్ల పని. ఆ పనిలో దెబ్బలు తిన్నారు, జైళ్లకు పోయారు. బాండ్ పని పత్రికలతో మాట్లాడటం, ప్రకటనలు పంపడం.

1964లో అమెరికా సుప్రీంకోర్టు ఓటుకు ఓటు విలువ సమానంగా ఉండాలని తీర్పిచ్చింది. దాంతో జార్జియా నియోజకవర్గాల గీతలు మళ్లీ గీయాల్సి వచ్చింది. 1965లో జరిగిన ఎన్నికల్లో ఎనిమిది మంది నల్లవాళ్లు ఆ రాష్ట్ర దిగువ సభకు గెలిచారు. అందులో బాండ్ ఒకడు. అతని 136వ నియోజకవర్గంలో సుమారు 6,500 మంది ఓటర్లుంటే 6,000 మంది దాకా నల్లవాళ్లే. అతనికి 2,320 ఓట్లు, ప్రత్యర్థికి 487. వయసు 25.

ఇక యుద్ధం. ఇక్కడ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1965 మార్చి 7న అలబామాలోని సెల్మాలో, ఓటు హక్కు కోసం నడిచి వెళ్తున్న సుమారు 600 మందిని వంతెన దాటాక పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో చితగ్గొట్టారు. స్నిక్ అధ్యక్షుడు జాన్ లూయిస్ తల పగిలింది. ఆ మర్నాడే, మార్చి 8న, 3,500 మంది మెరీన్ సైనికులు వియత్నాంలోని డానాంగ్ తీరంలో దిగారు. వియత్నాంకు సైన్యాన్ని పంపగలిగిన అధ్యక్షుడు జాన్సన్ సెల్మాకు ఎందుకు పంపలేడని దెబ్బలు తిన్న లూయిసే అడిగాడు. అది సిద్ధాంతం చదివి అడిగిన ప్రశ్న కాదు, తల పగిలినవాడు అడిగిన ప్రశ్న.

అయినా స్నిక్ వెంటనే యుద్ధం మీద ప్రకటన చేయలేదు. నెలల తరబడి లోలోపల వాదించుకున్నారు. ఆ వాదనను తేల్చింది ఒక చావు. 1966 జనవరి 3న అలబామాలోని టస్కీగీలో సామీ యంగ్ అనే 21 ఏళ్ల విద్యార్థిని పెట్రోలు బంకులో కాల్చి చంపారు. తెల్లవాళ్లకు మాత్రమే ఉంచిన మరుగుదొడ్డి దగ్గర మొదలైన గొడవ అది. ఆ కుర్రాడు అంతకుముందు నౌకాదళంలో పనిచేసి వచ్చినవాడు. దేశం కోసం ఓడ ఎక్కినవాడికి సొంత ఊళ్లో మరుగుదొడ్డి లేదు. మూడు రోజులకు, జనవరి 6న, స్నిక్ ప్రకటన వచ్చింది. వియత్నాం ప్రజల స్వేచ్ఛ కోసమంటూ ప్రభుత్వం చెప్పేది నిజం కాదని, యుద్ధానికి పోనంటున్న కుర్రాళ్లకు తమ సానుభూతి ఉందని అందులో చెప్పారు. యంగ్ హత్యనూ, వియత్నాంలో రైతుల చావులనూ ఒకే గాటన కట్టారు. భాష కటువుగానే ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి.

ఆ ప్రకటన బాండ్ రాయలేదు. ఒక విలేఖరి ఫోన్ చేసి, దీన్ని నువ్వు సమర్థిస్తావా అని అడిగాడు. సమర్థిస్తానన్నాడు. తాను ఏ యుద్ధాన్నీ ఒప్పుకోనివాణ్ణని కూడా చెప్పాడు. గొడవంతా అంతే! సభలో 75 మంది సభ్యులు అతన్ని చేర్చుకోవద్దని అర్జీల మీద సంతకాలు పెట్టారు. జనవరి 10న మిగతా సభ్యులంతా ప్రమాణం చేస్తుంటే, గుమాస్తా అతన్ని పక్కకు నిలబడమన్నాడు. అదే రోజు విచారణ. సైనిక భర్తీ కార్డు కాల్చేయమని తానెవరికీ చెప్పలేదనీ, తన కార్డు తన జేబులోనే ఉందనీ, కావాలంటే చూపిస్తాననీ అన్నాడు. అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. 184 మంది వద్దన్నారు, 12 మంది కావాలన్నారు. కుర్చీ ఖాళీ. అదే రాష్ట్ర శాసనసభ 1868లో కూడా, బానిసత్వం పోయిన కొత్తల్లో, గెలిచొచ్చిన నల్లజాతి సభ్యుల్ని బయటికి గెంటింది. అప్పుడు ఒంటి రంగు చూపించి గెంటారు, ఇప్పుడు దేశభక్తి చూపించి.

మన పెద్దాయన మాట నాకు గుర్తొచ్చేది ఇక్కడే. నల్లవాళ్లలోనే చాలామంది పెద్దలకు స్నిక్ ప్రకటన నచ్చలేదు. అన్నిటికంటే పాత సంఘం ఎన్‌ఏఏసీపీ నాయకుడు రాయ్ విల్కిన్స్ అది తమ అభిప్రాయం కాదని దూరం జరిగాడు. వాళ్లు పిరికివాళ్లేం కాదు. వాళ్ల లెక్క వాళ్లకుంది. 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటు హక్కు చట్టం రెండిటి మీదా సంతకం పెట్టింది జాన్సనే. అతనికి ప్రాణం లాంటి యుద్ధాన్ని తప్పుపడితే రేపు ఎవరి గడప తొక్కాలి? అర్జీ పెట్టుకునేవాళ్లకు ఈ భయం ఎంత నిజమో మనకు తెలుసు.

కానీ ఆ లెక్కలో ఒక అంకె తప్పిపోయింది. జనాభాలో నల్లవాళ్లు 11 శాతం. 1965, 66లలో వియత్నాం పోరులో చనిపోయిన అమెరికన్ సైనికుల్లో వాళ్లు ఐదో వంతుకు పైగా. కాలేజీలో ఉన్నవాడికి భర్తీ వాయిదా పడేది, కాలేజీ మెట్లు ఎక్కలేని ఇంటి పిల్లవాడికి ఉత్తరం వచ్చేది. 136వ నియోజకవర్గంలో ఆ ఉత్తరాలు అందుకునే ఇళ్లు లేవనుకోవాలా? యుద్ధం మన సంగతి కాదని అనుకున్నా అది తలుపు తట్టకుండా ఉండలేదు.

బాండ్ కోర్టుకెక్కాడు. అదే నియోజకవర్గంలో ఉండే మార్టిన్ లూథర్ కింగ్ కూడా దావాలో చేరాడు. ముగ్గురు జడ్జీల ధర్మాసనంలో ఇద్దరు కాదన్నారు, ఓడిపోయాడు. ఖాళీ అయిన సీటుకు మళ్లీ ఎన్నిక పెడితే మళ్లీ గెలిచాడు. సభ కమిటీ పిలిచి, మాట వెనక్కి తీసుకుంటావా అని అడిగింది. తీసుకోనన్నాడు, మళ్లీ బయటే ఉంచారు. నవంబరులో మూడోసారీ గెలిచాడు. ఏడాది పొడుగునా ఆ జనానికి సభలో నోరు లేదు. ఈ కథలో అసలు నష్టపోయింది వాళ్లేనని నా ఉద్దేశం. అయినా ఒక్కసారి కూడా, ఈ గొడవ మనిషి మాకొద్దు అని వాళ్లు అనలేదు.

1966 డిసెంబరు 5న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా తీర్పిచ్చారు. రాసింది ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్. ప్రభుత్వ విధానం మీద మాట్లాడే హక్కు మామూలు పౌరుడికి ఎంత ఉందో, ఎన్నికైనవాడికీ అంతే ఉందనీ, అతను మాట్లాడకపోతే ఓటేసినవాళ్లకు అతని అభిప్రాయమే తెలియదనీ దాని సారాంశం. 1967 జనవరిలో బాండ్ ప్రమాణం చేశాడు. సామీ యంగ్‌ను కాల్చినవాణ్ణి మాత్రం, తీర్పు వచ్చిన ఆ డిసెంబరులోనే, అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ నిర్దోషి అని వదిలేసింది.

తర్వాత సంగతి చాలామందికి తెలిసిందే. 1967 ఏప్రిల్ 4న న్యూయార్క్ రివర్‌సైడ్ చర్చిలో కింగ్ కూడా యుద్ధాన్ని బాహాటంగా ఖండించాడు. పెద్ద పత్రికలు, నీ ఉద్యమం నువ్వు చూసుకో అన్నట్టు సంపాదకీయాలు రాశాయి. హక్కుల ఉద్యమాన్నీ శాంతి ఉద్యమాన్నీ కలపడం పొరపాటని ఎన్‌ఏఏసీపీ బోర్డు తీర్మానం చేసింది. సరిగ్గా ఏడాదికి, 1968 ఏప్రిల్ 4న, మెంఫిస్‌లో కింగ్‌ను చంపేశారు. ఆ ఆగస్టులో షికాగో డెమొక్రటిక్ మహాసభలో బాండ్ పేరును ఉపాధ్యక్ష పదవికి ప్రతిపాదించారు. 35 నిండాలి, తనకు 28 అని నవ్వుతూ తప్పుకున్నాడు.

1998లో అదే ఎన్‌ఏఏసీపీ అతన్ని తన బోర్డు అధ్యక్షుడిగా ఎన్నుకుంది. 2010 దాకా ఉన్నాడు. 2015 ఆగస్టు 15న పోయాడు.

1975లో ఓటు హక్కు చట్టాన్ని పొడిగించినప్పుడు, ఇంగ్లీషు రాని కొన్ని భాషల వాళ్లకు వాళ్ల భాషలోనే ఓటు పత్రాలు ఇవ్వాలన్న నిబంధన చేర్చారు. అది మనకు మరీ దగ్గరి విషయం, వచ్చే నెల రాస్తాను. ఈలోగా మన పెద్దాయన ఇది చదివితే, వచ్చే సమావేశంలో తన జవాబు చెప్పాలని కోరుతున్నాను. ఆయన మాటలోని బరువు నాకు తెలియక రాసింది కాదు.