కార్పల్ టన్నెల్ సిండ్రోమ్‌కు మాన్యువల్ థెరపీ

మణికట్టులో మీడియన్ నరం నొక్కుకుపోవడం వల్ల వేళ్లలో కలిగే నొప్పి, తిమ్మిరి తగ్గించడానికి ఫిజియోథెరపిస్టు చేతులతో చేసే చికిత్స. మణికట్టు ఎముకలకూ, వాటిపై అడ్డంగా ఉండే లిగమెంట్‌కూ మధ్యనున్న ఇరుకు మార్గంలో ఈ నరంతో పాటు 9 టెండన్లు ఉంటాయి. అక్కడ వాపు వస్తే నరంపై ఒత్తిడి పెరుగుతుంది.

మణికట్టు ఎముకలను మెల్లగా కదిలించడం, ముంజేతి, అరచేతి కండరాలను మర్దించడం, నరం సులువుగా జారేలా చేతిని చాపి ముడిచే వ్యాయామాలు చేయించడం ఇందులోని ప్రధాన పద్ధతులు. రాత్రిపూట స్ప్లింట్ కూడా వాడతారు.

2015లో వెలువడిన స్పెయిన్ అధ్యయనంలో 120 మంది మహిళల్లో సగం మందికి ఈ చికిత్స, మిగతావారికి శస్త్రచికిత్స చేశారు. తొలి నెలల్లో మాన్యువల్ థెరపీ మెరుగనిపించినా, ఏడాదికి ఫలితాలు దాదాపు సమానమయ్యాయి. బొటనవేలి మొదట్లోని కండరాలు క్షీణించినవారికి సాధారణంగా శస్త్రచికిత్సే సూచిస్తారు.