ఆంగ్లక్రియాద్వంద్వములును తెలుగు ప్రేరణరూపములును

హైదరాబాదునకు వాయవ్యదిశయందున్న పటాన్‌చెరువు మొదలు సంగారెడ్డి వరకు నేడు కర్మాగారములు బారులు తీరియున్నవి. 1972లో పటాన్‌చెరువునొద్ద మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధనసంస్థ వెలసినది. కంది గ్రామమునొద్ద సాంకేతిక విద్యాసంస్థయు నెలకొన్నది. అందుచే ఇచటి బాలురకు ఆంగ్లము పుస్తకభాష మాత్రమేకాక బ్రతుకుదెరువు భాషయు నైనది. 2022-23 విద్యాసంవత్సరమున తెలంగాణ ప్రభుత్వపాఠశాలలలో 1వ తరగతి నుండి 8వ తరగతి వరకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడెను. ఆంగ్లము నేర్చుటకు తెలుగు అడ్డమను తలంపు ఇప్పుడు పలువురకు కలదు. ఆ తలంపు ఎంతవరకు నిజమో క్రియాపదముల యందే పరీక్షింపదగును.

బాలురను తికమకపెట్టు క్రియలలో రైజు–రేజు, లై–లే, సిట్–సెట్ అనునవి ప్రధానములు. లేచుట రైజు, లేపుట రేజు. పరుండుట లై, పరుండబెట్టుట, ఉంచుట లే. ఇందు మరియొక చిక్కు కలదు: పరుండుట యను అర్థముగల లై యొక్క భూతరూపము సైతము లే యనియే యుండును. పైగా 'లే' యన్నచో తెలుగుబాలునికి లెమ్మనుటయే స్ఫురించును గదా!

ఈ జంటలు యాదృచ్ఛికములు కావు. పూర్వము జర్మానిక భాషలలో అకర్మకక్రియకు 'య'కారముతో గూడిన ప్రత్యయము చేర్చి ప్రేరణక్రియను కల్పించుచుండిరి. ప్రత్యయము కాలక్రమమున లోపించెను. దాని ప్రభావమున మారిన అచ్చు మాత్రము నిలిచెను. పడుట ఫాల్, చెట్టును పడగొట్టుట ఫెల్. త్రాగుట డ్రింక్, డ్రెంచ్ అనగా మొదట త్రావించుట, పిమ్మట తడుపుట. రేజు మాత్రము స్కాండినేవియా నుండి వచ్చి చేరినది. దాని స్వదేశీయ సోదరి రియర్ అనునది. ఆంగ్లమున ఈ పద్ధతి ఏనాడో చచ్చినది. మిగిలినవి కొన్ని శిథిలములు. కనుకనే ఆంగ్లేయులు సైతము లై–లేల యందు తప్పుదురు.

తెలుగున అది సజీవముగ నున్నది. లేచు–లేపు, నేర్చు–నేర్పు, ఆగు–ఆపు, దిగు–దించు, మునుగు–ముంచు, కాలు–కాల్చు, తిరుగు–త్రిప్పు: వీనిని బడికిపోని పిల్లవాడును తడబడక వాడును. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున క్రియాపరిచ్ఛేదమునందు ప్రేరణమును సూత్రించెను. అంతకు రెండేండ్లు ముందు 1856లో కాల్డ్వెల్ ద్రావిడభాషలలో అకర్మకములు సకర్మకములగు తీరును తులనాత్మకముగ చర్చించెను. ఆంగ్లమునకును తెలుగునకును ఇందు బంధుత్వ మేమియు లేదు, సామ్యము ప్రయోజనమునందే. అయినను ఉపాధ్యాయునకు అంతియే చాలును. లేచు–లేపులను ముందు నల్లబల్లపై వ్రాసి, ప్రక్కన రైజు–రేజులను వ్రాసినచో కంఠస్థము చేయింపవలసిన పని తగ్గును.

నిజాము ప్రభుత్వకాలమున ఈ ప్రాంతపు రాజభాష ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనయు ఉర్దూలోనే సాగెను. ఆంగ్లము విధిగా చదువవలసిన పాఠ్యము. నాటి తెలుగువిద్యార్థికి ఇంట లేచు–లేపులును, బడిలో ఉఠ్‌నా–ఉఠానాలును, నేర్చు–నేర్పులకు సరిగా సీఖ్‌నా–సిఖానాలును పరిచితములే. అనగా అతడు రెండు భాషలలో ఎరిగిన భేదమునే మూడవదానియందు వెదకవలసి యుండెను.

తెలుగు తోడ్పడని తావులును లేకపోలేదు. చెప్పు అను నొక్క క్రియ సే, టెల్ అను రెంటికిని చాలును. విను అనునది హియర్, లిజన్‌లకును, చూచు అనునది సీ, లుక్, వాచ్‌లకును చెల్లును. నిజమైన కష్ట మిచటనే. చెప్పబడినవాడు కర్మగా వెంటనే రావలసినపుడు టెల్ అనియు, మాట మాత్రమే ప్రధానమైనపుడు సే అనియు ప్రయోగములు చూపి అలవరుపవలెనే కాని వేరు దారి లేదు.

బారో–లెండ్‌ల విషయమున మాత్రము తెలుగును నిందించుట అన్యాయము. ఎరువు అను నామము ఉభయపక్షములకు సమానమే. దిక్కును తెలుపునది దానితోడి క్రియ. ఎరువు తెచ్చుకొనుట బారో, ఎరువిచ్చుట లెండ్. కలము 'బారో మీ' యని యడుగు బాలుని, ఎరువు తెచ్చుకొనుచున్నది ఎవరు, ఇచ్చుచున్నది ఎవరు అని తెలుగున ప్రశ్నించినచో తప్పు ఎచట నున్నదో వాడే చెప్పగలడు.